అడుగు మాడిన కుండ

బడికి వేసవి సెలవులిచ్చిన మర్నాడు
నూజివీడు బస్సులో కిటికీ పక్క సీటు కోసం
నాతో పోట్లాడి గెలిచింది కోటిరత్నం.
నూట అరవై మంది పిల్లలకి రోజూ మధ్యాహ్నం వండే మనిషి
సంచిలో ఒక్క గిన్నె కూడా పెట్టుకోలేదు.
"ఇవాళ ఎక్కడా ఉప్పు చూడను" అంది
రామవరప్పాడు రింగు దగ్గర.
ఒట్టు వెయ్యలేదు గనక నేనూ నమ్మలేదు.

గవర్నరుపేట సందులో
ఇడ్లీ మీద నెయ్యి, నెయ్యి మీద కారప్పొడి.
ఎర్రబడ్డ నెయ్యి ప్లేటు అంచుకి పరిగెడితే
చూపుడువేలితో ఆనకట్ట కట్టింది.
అల్లప్పచ్చడి నాలిక్కి రాసుకుని
"బెల్లం తగ్గింది బాబూ" అంది సర్వరుతో.
నేను నవ్వాను.
"చూడనంది ఉప్పు. బెల్లం కాదుగా!"

ఉప్మా పెసరట్టు ఒకటే చెప్పాం, చెరి సగం.
సగమంటే తన లెక్కలో నాకు ముప్పావు.
ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ భాగహారం మారలేదు.
ఇవాళ మాత్రం ప్లేటు తనవైపు లాక్కుంది.
నేను చట్నీ నాకుతూ కూర్చున్నాను,
ఎందుకో సంతోషంగా.

పదిన్నరకే బందరు రోడ్డు తారు మెత్తబడింది.
"మ్యూజియమా? అక్కడేముందండీ, రాళ్లు"
అన్నాడు ఆటో అతను.
"పర్లేదులే, బియ్యంలో ఏరిన అలవాటే."

లోపల చల్లగా ఉంది.
తెల్లరాతి బుద్ధుడి ముందు చెప్పులు విడిచింది.
"అక్కర్లేదమ్మా" అన్నాడు కాపలా కుర్రాడు.
"దణ్ణానికి కాదు, నేల బాగుందని" అంది.
మామిడి మండీలో కాటా రాసే వాణ్ణి,
నాణేల దగ్గర ఆగిపోయాను,
ఒక్కోటి ఎన్ని గ్రాములుంటుందా అని.
వెనక్కి తిరిగితే మనిషి లేదు.

పాత కుండల బీరువా ముందు
మోకాళ్ల మీద కూర్చునుంది.
"అడుగు చూడు. మాడింది."
పక్కన చీటీలో కాలం రాశారు, దొరికిన చోటు రాశారు.
"ఏం వండుతుంటే మాడిందో రాయలేదు" అంది.
"సన్నసెగ మీద పెట్టి, ఎవరో పిలిస్తే వెళ్లుంటుంది.
పిల్లాడు పడ్డాడో.
వానొచ్చి వడియాలు తడిశాయో."
అద్దం ముట్టుకోవద్దన్నాడు కుర్రాడు.
చెయ్యి వెనక్కి తీసుకుంది, కళ్లు తియ్యలేదు.
అద్దంలో తన మణికట్టు, దాని మీది కాలిన మచ్చ,
సరిగ్గా ఆ కుండ నడుం మీద పడ్డాయి.

ఆ మచ్చ ఎప్పటిది?
బయటికొచ్చి, చెరుకురసం బండి దగ్గర అడిగాను.
పప్పు రోజంది. పెద్ద అండా అంది.
దించేవేళకి రెండో మనిషి రాలేదంది.
"రాత్రి కొబ్బరినూనె రాశావుగా నువ్వే."
నాకు గుర్తు లేదు.
గుర్తున్నట్టు తలూపాను.
ఊపానని తనకి తెలిసింది.
గ్లాసులో మిగిలిన ఐసు ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

సాయంత్రం బ్యారేజీ దగ్గర
గాలి కృష్ణ మీంచి తడితడిగా వస్తోంది.
కాగితం పొట్లంలో డజను పునుగులు, ఉల్లిపాయ ముక్కలు.
అట్టడుగున ఒకటి నల్లగా మాడింది.
పారెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.
"దీనికీ చీటీ రాయి."
జేబులోంచి మండీ పెన్ను తీశాను.
కాలం: ఇవాళ.
దొరికిన చోటు: బెజవాడ, ఏటి ఒడ్డు.
వండింది: తెలియదు.
చదివి, లేచి, బండి దాకా నడిచి వెళ్లింది.
మూకుడు ముందు నిలబడ్డ ఆవిడతో ఏదో మాట్లాడింది,
ఇద్దరూ నవ్వుకున్నారు,
ఆవిడ చట్రం ఊపుతూ నావైపు చూసింది.
తిరిగొచ్చి, "కొట్టెయ్" అంది.
వండింది: నాంచారమ్మ.
పిండి మరిగే లోపు ఫోను మోగిందట, కూతురు.

నూనె కాగితం మీద సిరా నిలవడం లేదు,
ఒక్కో అక్షరం జారి పక్కదాన్ని పట్టుకుంటోంది.
అయినా నాలుగు మడతలు పెట్టి
సంచి లోపలి జేబులో దాచింది.
ఆ పునుగు మాత్రం
బస్సు కదిలాక, చెరి సగం తిన్నాం.