కొసరు

పాలకొల్లు కాలవ గట్టున,
సైకిల్ షాపుకీ మందుల కొట్టుకీ మధ్య,
మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలే వెడల్పులో
లక్కోజు బ్రహ్మాజీ కాటాల మరమ్మతు కొట్టు.

మా వైపు కొబ్బరికాయ లెక్కకి,
అరటి గెల కంటిచూపుకి,
తమలపాకు మోదకి.
మిగతా బతుకంతా తూకానికే.

ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో
జాతీయాదాయం పాఠం చెప్పాను నేను.
వ్యవసాయం, పరిశ్రమలు, సేవలు అని
నల్లబల్ల మీద మూడు గడులు గీసి
సుద్దముక్క అరిగేదాకా చెప్పాను.
రిటైరయ్యాక పేపరు చదువుకోడానికి
ఇక్కడో స్టూలు దొరికింది.
ఎవరిది ఏ గడో ఇప్పుడు నాకే తెలీదు.

ముద్ర వేసే అధికారి శుక్రవారం వస్తాడని కబురు.
బుధవారం పొద్దుటి నుంచే వరస.
కోడిమాంసం వెస్లీ, అద్దానికి ఈకొకటి అంటుకున్న
ఎలక్ట్రానిక్ కాటాతో.
పాత ఇనుము కొనే సత్తార్, తక్కెడ భుజాన వేసుకుని.
పిండిమర వరాలు, తెల్లగా బూడిద దేవుడిలా ఉన్న
పెద్ద కాటాని రిక్షా ఎక్కించి, పక్కనే తనూ కూర్చుని.
నరసాపురం లేసు ఏజెంటు కూడా వచ్చాడు.
దారం గ్రాముల్లో ఇస్తాడు, అల్లిక గ్రాముల్లో తీసుకుంటాడు.
మధ్యలో తరిగిన చూపు
ఏ పళ్ళెంలోనూ పడదు.

బ్రహ్మాజీ ఇత్తడి కిలో రాయిని
మెత్తటి గుడ్డతో పట్టుకుంటాడు, చెయ్యి తగలనివ్వడు.
"చెమట కూడా బరువేనండి మాస్టారూ."
నేను పేపరు మడిచాను.

ఓలేటి పోలేరమ్మ తక్కెడ వంతు వచ్చింది.
ఒక పళ్ళేనికి సొట్ట, గొలుసుకి మధ్యలో ఇనప తీగ ముడి.
అటు కిలో, ఇటు కిలో పెట్టి వదిలాడు.
ముల్లు ఊగి ఊగి ఓ పక్కకి చతికిలబడింది.

"కిలోకి నలభై గ్రాములు నువ్వే ఎక్కువ పోస్తన్నావ్.
ఎన్నాళ్ళయిందేంటి ఇలా?"
"నిరుడు వరదల్లో రేవులో పడిపోయింది బాబూ,
అప్పుడేమో."

నా బుర్ర ఊరుకోదు కదా.
రోజుకి పాతిక కిలోలు, అంటే రోజుకో కిలో.
ఏడాదికి మూడు క్వింటాళ్ళ చేప
ఊరు ఊరికే తిన్నది.
తెల్లారి తొమ్మిదొందలు తెచ్చి
పొద్దుగూకేసరికి వెయ్యి కట్టే మనిషి పెట్టగా.
ఒళ్ళో ఉన్న పేపర్లో దేశం ఎంత పెరిగిందో రాశారు.
అంకె, ఓ చుక్క, చుక్క తర్వాత ఇంకో అంకె.
ఆ చుక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఏడుస్తుందనుకున్నాను. పోలేరమ్మ నవ్వింది.
"అదా సంగతి!
బేరాలన్నీ నా గంప కాడే ఆగుతున్నాయంటే
నా మాట మంచిదనుకున్నానయ్యా!"

ఎలుక పంటి ఆకురాయితో బ్రహ్మాజీ మొదలెట్టాడు.
"సరిచెయ్యి నాయనా.
మరీ సరిగ్గా మాత్రం చెయ్యకు."
"అలా అయితే ముద్ర పడదమ్మా."
"పడనీలే. పడ్డాక నేను చూసుకుంటా."

శుక్రవారం కరెంటు లేదు.
అధికారి చెమటలు తుడుచుకుంటూ
సీసం బిళ్ళ మీద ఉలి పెట్టి కొట్టాడు.
టంగుమంది కొట్టంతా.
వెస్లీకి పడింది, సత్తార్‌కి పడింది,
పిండిమర కాటాకి రెండుసార్లు కొట్టాల్సొచ్చింది.
పోలేరమ్మ తన ముద్రని వేలితో తడిమి చూసుకుంది,
పుట్టిన బిడ్డ చెవి చూసినట్టు.

"కూలి?" అంది.
"నీ ఇష్టం."
గంప మీద గోనెపట్టా తీసింది.
కిలో రాయి ఇటు, బొమ్మిడాయిలు అటు,
ఇంకా కదులుతూనే ఉన్నాయి.
ముల్లు నిట్టనిలువుగా నిలబడింది.
బ్రహ్మాజీ మెడ చాచి చూసి
తన పనికి తనే తలూపుకున్నాడు.

అప్పుడు పోలేరమ్మ
అడుగునుంచి ఇంకొకటి తీసి పైన వేసింది.
తోక పళ్ళెం దాటి వేలాడుతోంది.
ముల్లు అటు ఒరిగిపోయింది.
ముద్ర చెక్కు చెదరలేదు.