గార

ఆరు వారాలకో ఊరు నాది.
సెలవు పెట్టిన ఫార్మసిస్టు కుర్చీలో కూర్చుని
వాళ్ళ రోగులకి వాళ్ళ మందులు లెక్కపెట్టి ఇస్తాను.
మాత్రలు ఎక్కడైనా మాత్రలే.
నీళ్ళే మారతాయి.

అడిలైడ్‌లో, అన్లీ పేటలో,
వీధికి రెండు వైపులా జకరాండాలు.
నవంబరు వస్తే కార్ల మీద ఊదారంగు రాలుతుంది,
దాన్ని ఎగరగొట్టడానికి వీపుకి యంత్రం కట్టుకుని
ఒక మనిషి వస్తాడు.
మిసెస్ ఆల్డర్‌సన్ మోకాళ్ళ బిళ్ళలు తీసుకుంటూ
కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయంది.
గాజు సీసాల్లో ఇటలీ నీళ్ళు తెప్పించుకుంటుందట.
సీసా ధరని మా కనిగిరి క్యాన్లలోకి మార్చబోయి
మధ్యలో మానేశాను.
ఆ గుణకారం ఎప్పుడు చేసినా
ఎవరో ఒకరి మీద కోపంతోనే తేలుతుంది.

నేను నవ్వినప్పుడు ఆమె చూపు
నా పళ్ళ మీద వాలి, మర్యాదగా లేచిపోయింది.
గోధుమరంగు చారలు.
ఎంత తోమినా పోని గార.
కౌంటరు మీద కరపత్రాల దొంతర:
మన నీటిలో ఫ్లోరైడు కలుపుతున్నాం, మీ పళ్ళ మేలు కోసం.
కొలిచి కలుపుతారట, చిటికెలో చిటికె.
మా బోరుకి కొలత తెలీదు.
మా మేనత్తకి నలభై దాటకుండానే
కర్ర చేతికిచ్చింది.

ఉత్తరానికి రెండున్నర గంటలు పోతే పోర్ట్ పిరీ.
కోసేసిన చేలు, చేల తర్వాత ఉప్పుబురద,
బురద వెనక ఆకాశానికి ఆనించి పెట్టినట్టు
ఒకే ఒక్క పొగగొట్టం.
అన్లీలో కారు షెడ్డు కట్టే డబ్బుకి
ఇక్కడ అరుగుతో సహా ఇల్లొస్తుందంటారు.
ఆ అరుగు మీద రోజూ తడిగుడ్డ పెట్టాలి మరి.
పొడిచీపురు పట్టుకుంటే
సీసం లేచి ఇంట్లోకొస్తుంది.

కొలిమిలో పనిచేసే డీన్ ఫసీనా
ఐరన్ సిరప్ కోసం వచ్చి
"మా చిన్నదానికి ఆరు నుంచి నాలుక్కి దిగింది" అన్నాడు,
పిల్ల మార్కులు చెప్పుకునే తండ్రిలా.
తగ్గితే గొప్ప, ఆ మార్కులు.
నా నోటి వంక సూటిగా చూశాడు.
"ఏం నీళ్ళు మీ ఊళ్ళోవి?"

పదకొండేళ్ళయింది నేనీ దేశం వచ్చి.
పళ్ళ డాక్టరు రేటు చెప్పాడు,
ఇంటి ఓనరు పొగాకు నములుతావా అన్నాడు.
నీళ్ళ గురించి అడిగినవాడు ఇతనొక్కడే.
వెనక ఇద్దరు నిలబడి ఉన్నా
బోరు లోతుతో సహా చెప్పాను.

అక్కణ్ణించి ఇంకో ఆరున్నర గంటలు.
చెట్టు అన్నది అరుదై, పొదై, చివరికి జ్ఞాపకమైపోయాక
కూబర్ పీడీ.
నేలంతా తవ్విపోసిన తెల్లమట్టి కుప్పలు,
ఎవరో బ్రహ్మాండమైన ఉప్మా వండబోయి
రవ్వ పోసి వెళ్ళిపోయినట్టు.
ఒక దోసకాయకి పెట్టిన డబ్బు చెబితే
మా అక్క ఫోన్ పెట్టేసింది.

ద్రగీత్సా ఇల్లు కొండ కడుపులో.
గది కావాలంటే ఇటుకలు తేనక్కర్లేదు,
ఉన్న కొండని కాస్త తీసెయ్యాలి.
పెళ్ళినాడు రెండు గదులట, కొడుకు పుట్టాక మూడు,
మొగుడు పోయాక పనిలేక తవ్విన నాలుగోది ఖాళీ.
గోడలకి గార లేదు.
ఎర్రరాయి మీద యంత్రం పళ్ళ గాట్లు
అలాగే ఉంచేసింది.
బయట నలభై నాలుగు, లోపల ఇరవై నాలుగు.
అన్లీలో ఈ చల్లదనానికి
మూడు నెలలకో బిల్లొస్తుంది.

ఆమె బీపీ మందులు బల్ల మీద పెట్టాను.
గిన్నెలు తొలిచిన నీళ్ళు బకెట్లోకి,
బకెట్లోవి గచ్చుకి. నాకు చెప్పక్కర్లేదు
ఏ నీళ్ళు ఎందులోకి పోతాయో.

తాగమని గ్లాసు ఇచ్చింది. సగమే పోసింది.
నిండా పోస్తే వచ్చినవాళ్ళు వదిలేస్తారు కదా,
మా ఇంట్లోనూ సగమే.
చివరి చుక్కదాకా తాగి
గ్లాసు బోర్లించాను.
ద్రగీత్సా దాన్ని చూసింది,
తర్వాత నా వైపు చూసి
ఇంకో సగం పోసింది.