ఆరని రంగు

జ్ఞానాపురంలో మా డాబా మీదికి
ఫిలోమినా టీచరు ఈజిలు మోసుకొస్తుంది,
ఆదివారం పూజ అయ్యాక,
రేవు వైపు గాలి లేని రోజు చూసుకుని.
నేను బట్టలు ఆరేస్తుంటాను.

నలుపు ట్యూబు మూత ఆమె ఎప్పుడూ తియ్యదు.
"పొగ నల్లగా ఉంటుందని ఎవరన్నారు?
చూడు, అడుగున వంకాయ తొక్క,
ఎండ తగిలేచోట విరిగిన పాలు."
ముప్పయ్యేళ్లుగా గుమ్మంలో దాన్నే తుడుస్తున్నాను,
నాకు తెలీలేదు.

డాల్ఫిన్స్ నోస్ ఒక నీలి మరక.
క్రేన్లు నాలుగు గీతలు, తొందరగా,
ఓడ కదిలిపోతుందని.
మడచెట్లుండే ఉప్పుటేటి మీద
బూడిద రంగు పులిమి, గోరుతో గీకింది.
అడుగునుంచి కాస్త పచ్చ తేలింది.

దగ్గర్నుంచి చూస్తే
పిల్లలు చెయ్యి తుడుచుకున్న గోడ.
"ఏడడుగులు ఎనక్కెళ్లు," అంది.
నీళ్ల ట్యాంకు వీపుకి తగిలేసరికి
రేవు లేచి నిలబడింది,
వెలుగంతా ఒణుకుతూ.

"మరి నేనెక్కడ?"
"అదిగో, తీగమీద తెల్లచుక్క. నీ దుప్పటి."

అప్పుడే గాలి తిరిగింది.
బైలదిల్లా నుంచి గూడ్సుబళ్లలో దిగి
జపాను ఓడెక్కాల్సిన కొండ
కాస్త ఎర్రగా లేచి
తడి రంగు మీదా, నా దుప్పటి మీదా
ఒకేలా వాలింది.

తుడవబోయి కొంగు తీశాను.
టీచరు నా చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ. నాకు కలపడం రాని రంగు,
దానంతటదే వచ్చి కూర్చుంది."

బొమ్మలో దుప్పటి అలాగే ఉంది.
తీగమీది దుప్పటి మాత్రం
మళ్లీ నానబెట్టాను.