పటం దీపం

నాలుగు వందల పన్నెండో కారుకు ఉంది.
నాలుగు వందల పదికి లేదు.
పదకొండు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.
తొమ్మిదేళ్లుగా నేను
ఆ రెండు అంకెల సందులోనే కాపురముంటున్నాను.

డాష్‌బోర్డు కింద, ఎడమచేతి వైపు,
పక్కన కూర్చున్నవాళ్ల మోకాళ్ల మీదికి వంగిన
వేలెడు ఇత్తడి మెడ,
దాని చివర చింతగింజంత బల్బు.
ధరల పట్టీలో పేరు: పటం దీపం.
రాత్రి ర్యాలీల్లో దారి చెప్పేవాళ్లకి.
కోరుకుంటేనే. అదనంగా రెండు పౌండ్ల అయిదు షిల్లింగులు.
పట్టీ అచ్చయింది యాభై ఎనిమిది మార్చిలో.
అచ్చుదేముంది,
పెళ్లయ్యాక అందే శుభలేఖ.

కోవెంట్రీలో వెల్‌బ్రుక్ ఫ్యాక్టరీ మూసేసిన వారం
కాగితాలన్నీ చెత్తబండి ఎక్కాయట.
మిగిలినవి బెజ్జాలే.
నేను బెజ్జాలు చదువుతాను.
ఫ్యాక్టరీ బెజ్జం గుండ్రం, అంచు నునుపు.
తర్వాతెప్పుడో ఎవరో ఇంట్లో పొడిచింది
ఎలక కొరికినట్టుంటుంది.
టార్చి పళ్లతో కరిచిపట్టి
వెల్లకిలా దూరి
ఎన్ని గరాజుల్లో నడుం పట్టేసిందో!
లింకన్‌లో ఒకాయన టీ ఇచ్చాడు.
డర్బీలో ఒకావిడ కుక్కను వదిలింది.
"తేదీ తెలిస్తే ఏమొస్తుంది?"
అడిగింది మా ఆవిడ మార్జరీ, బఠాణీలు ఒలుస్తూ.
ఏమీ రాదన్నాను.
ఆమె ఇంకో కాయ తీసుకుంది.

మొన్న అక్టోబరులో లడ్లో నుంచి ఒక ఉత్తరం:
మా కోళ్ల షెడ్డులో మీరు వెతికే రకం కారుంది.
గోనెలు తీసి, రెట్టలు గీకి
ఇంజను పక్కన రేకు మీద ఉమ్మేసి తుడిస్తే
మూడు వందల ఆరు.
అంటే యాభై ఏడు, ఫిబ్రవరి.
దీనికి దీపం ఉండకూడదు.

ఉంది.
బెజ్జం గుండ్రం. అంచు నునుపు.
కానీ మెడ మోకాళ్ల వైపు వంగలేదు.
కుడికి తిరిగి
స్టీరింగు మీదుగా
తోలేవాడి ముఖం కేసి చూస్తోంది.

తిరగేసి బిగించారన్నాను, తెలిసినవాడిలా.
హెస్టర్ ప్రాథెరో నన్ను ఎగాదిగా చూసింది.
"మా నాన్న ఆ ఫ్యాక్టరీలో సీట్లు కుట్టేవాడు.
కుట్టు వంకరపోతే అన్నం సయించేది కాదు.
ఒరిపిడి పడ్డ ఈ బండిని
జీతంలో కోయించుకుని కొన్నాడు.
మా అమ్మకి వినపడదు,
వీధిలో బాంబు పడ్డ రాత్రి నుంచి.
పెదాలు చూసి మాట పోల్చుకునేది.
పొద్దు గూకితే
ఒకే కార్లో ఇద్దరూ చెరో ఊళ్లో ఉన్నట్టు."

ఒక కోడి వచ్చి
ఆ సీటు మీదే కూర్చుంది.
మేం తోలలేదు.

పనివేళ దాటాక
డ్రిల్లు అడిగి తెచ్చుకుని ఉంటాడు.
పొద్దున ఏ ఫోర్‌మన్ కంట్లోనో పడి ఉంటుంది,
ఇదేదో అమ్ముకోవచ్చే అనుకుని ఉంటాడు,
మెడను పటం వైపు వంచి ఉంటాడు.
ఉంటాడు, ఉంటాడు.
రిజిస్టరులో 'ఉంటాడు'కి గడి లేదు.
ఉందా, లేదా, ఏ సంవత్సరం: మూడే గడులు.
మూడు వందల ఆరు, ఉంది, యాభై ఏడు అని సిరాతో రాసి
అంచున పెన్సిల్‌తో చేర్చాను:
ముఖం వైపు.

వచ్చేస్తూ గుమ్మంలో అడిగాను,
రాత్రుళ్లు ఆ వెలుతుర్లో
వాళ్లేం మాట్లాడుకునేవారని.

"నాకేం తెలుసు," అందామె,
కోడిని చంకన పెట్టుకుంటూ.
"అది రెండు సీట్ల బండి."