అర సెకను బాకీ

గార్లదిన్నె దాటినాక, హైవే పక్కన,
రేకుల కింద నా అంగడి.
పంక్చరు, గాలి, బ్రేకు పని.
లారీ టైరు సంగతి నాకు తెలుసు.
సేలం నుంచి నాగపూరు దాకా
పోతా వస్తా, పోతా వస్తా
ఏడాదిన్నరకు నున్నగైతాది,
ముసలాయన అరచేతి గీతల మాదిరి
నిదానంగా, ఎవరికీ చెప్పకుండా.

ఆదివారం వచ్చే టైర్లు అట్ల కాదు.
పొద్దున్నే కొత్తవి ఎక్కిస్తా,
రబ్బరు వెంట్రుకలు కూడా రాలిపోయుండవు.
మధ్యాన్నం సంగటి తిని చెయ్యి కడుక్కునే లోపల
వెనక్కి తెస్తారు,
అంచులు చిరిగి, నడుమ బొబ్బలు లేచి.
చెయ్యి పెడితే చుర్రుమంటాది.
ఎంత దూరం పోయినారప్పా అంటే
నూటాయాభై కిలోమీటర్లంట.
యాడికి పోయినారప్పా అంటే
యాడికీ పోలేదంట.

రాళ్ళ నేల చదును చేసి ఎవరో వేసినారు ట్రాకు.
పదకొండు మలుపులు, ఒక పొడుగు దారి.
గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతారు.
కుడికి కోసిన ప్రతిసారీ
బండి బరువంతా వచ్చి కూలబడేది
ముందు ఎడమ టైరు మీదనే.
ఉమ్మడి ఇంట్లో పెద్ద కోడలి మోకాళ్ళ మాదిరి
ముందు పోయేది అదే.
బ్రేకు ప్యాడ్లు చెప్పే పనే లేదు,
వేలి మందం పోయి బ్లేడు మందం.
డిస్కు నీలం తిరిగి,
లోపల నూనె ఉడికి,
పెడలు తొక్కితే బురదలో కాలు పెట్టినట్టు.

ఈ అరుగుడు నాకు కొత్త కాదు.
మా నాయన దస్తగిరి ఎద్దులకు లాడాలు కొట్టేటోడు.
సంతకు పోయే బండెద్దు లాడం సమంగా అరుగుతాది.
గానుగెద్దుది ఒక పక్కకే.
పాత లాడం చేతిలో తిప్పి చూసి,
"ఇది శెనక్కాయ గానుగది, ఎడమకు తిరిగేది" అనేటోడు
ఎద్దును చూడకుండానే.
ఊరి పొలిమేర దాటింది లేదు,
కడపకు పోయొచ్చినంత ఇనుము అరగదీసింది.
ఆ ఎద్దు కళ్ళకు గంతలు.
వీళ్ళకు లేవు.
అదే నాకు చాన్నాళ్ళు అర్థం కాలా.

తేజోవతి అని ఒక పాప వస్తాది, హిందూపురం నుంచి.
సహకార బ్యాంకులో క్యాషు కౌంటరు.
పాత చిన్న కారు, వెనక సీట్లు పీకేసింది.
జీతంలో సగం నా రేకుల కిందనే పెడతాది.
"ఈ టైర్లతో ఇంకెన్ని చుట్లన్నా?"
గాడిలో అగ్గిపుల్ల పెట్టి చూపించినా.
పుల్ల తల కూడా మునగలా.
"రెండు. మూడోది నీ ఇష్టం, దేవుని ఇష్టం."
పొద్దు వాలినాక వచ్చి నవ్వింది,
"నాలుగు తిరిగితినన్నా."
తిట్టినా. నిజంగానే తిట్టినా.
ఈ బ్రేకులతో పెనుకొండ దిగుడు కాడ
లారీ ఎదురైతే ఏం తొక్కుతావని
బీగంచెవి గుంజుకొని సొరుగులో వేసినా.
"ఇంత తగలేసి ఏం సంపాదిస్తివి పాపా?"
"అర సెకను."

దాన్ని యాడ దాచుకుంటావని అడగబోయి
ఊరుకుంటి.
ఆ చేతులు ఇంకా వణుకుతాండాయి,
దినమంతా ఊరోళ్ళ నోట్లు లెక్కపెట్టే చేతులు.

మా నాయన కూడా అంతే.
రెండు దెబ్బల మేకును
ఒక్క దెబ్బకు దించాలని చూసేటోడు.
కూలి పెరగదు, ఎద్దుకు తెలియదు.
కుదిరిన దినం మాత్రం
ఈల వేసుకుంటా ఇంటికొచ్చేటోడు.
ఎందుకు నాయనా అంటే
అమ్మను కూర వడ్డించమనేటోడు.

కొత్త ప్యాడ్లు వేసి,
పొద్దున విప్పి పెట్టిన రోడ్డు టైర్లు మళ్ళీ ఎక్కించి,
బీగంచెవి చేతికిస్తి.
దుడ్లు తక్కువైనాయి, వచ్చే నెల ఇస్తాననింది.
లెక్కల బుక్కులో రాసుకున్నా:
తేజోవతి, ముందు ప్యాడ్లు ఒక జత, బ్రేకు నూనె.
ఆ పక్కన, ఎందుకో,
అర సెకను.

రాత్రి ఇంటి కాడ చెప్పులు విప్పితే
అడుగున అతుక్కొనుండాయి నల్ల రబ్బరు ఉండలు.
మా యామె పుల్లతో గీకి చూసింది,
పోలేదని గొణుక్కుంటా
దీపం ఆర్పింది.