యాభై మూడో గుమ్మం

రాత్రి ఒంటిగంటా నలభైకి
అంబత్తూరు ఎస్టేటంతా ఒక్కసారి కన్ను మూసింది.
యూపీఎస్ పదకొండు నిమిషాలు ఓపిక పట్టింది.
తర్వాత అదీ.

కరెంటొచ్చాక అన్నీ లేచాయి:
స్విచ్‌ల మీది పచ్చ చుక్కలు,
పాల ట్యాంకు కంప్రెసరు,
గేటు దగ్గర సెల్వమణి రేడియో.
పేర్ల సర్వరు ఒక్కటే లేవలేదు.

ఎవరు ఎక్కడుంటారో, అడిగినవాళ్లకి చెప్పడం దాని పని.
అది నోరు మూసుకుంటే
ఒకే గదిలోని మెషీన్లు
లోకల్ రైల్లో ఎదురెదురు సీట్లలా
ముఖాలు తిప్పుకుని కూర్చుంటాయి.
బిల్లింగుకి ప్రింటరు తెలీదు,
ప్రింటరుకి తానెవరో ఎవరూ చెప్పలేదు.

కింద యార్డులో పద్నాలుగు పాల వ్యాన్లు.
మూడున్నరకి కదలాలి.
రూటు చీటీలు లేవు.

స్టార్ట్ అన్నాను. ఫెయిల్డ్ అంది.
మళ్లీ స్టార్ట్. మళ్లీ ఫెయిల్డ్.
మూడోసారి కొట్టింది నేను కాదు, నా వేళ్లు.

లాగ్ తెరిచాను.
నలభై ఒకటో లైను చివర సెమికోలన్ లేదు.
ఎవరా అని తేదీ చూస్తే
మార్చి పన్నెండు, సాయంత్రం. నేనే.
సూళ్లూరుపేట బండి తప్పిపోతుందని
సేవ్ కొట్టి మెట్లు దూకిన రోజు.
ఏడు నెలలుగా అది
పొద్దున విన్న పాత మాట మీదే బతికింది.
నడుస్తున్నంతసేపూ ఏ తప్పూ అడ్డం రాదు.
ఆగి లేచేటప్పుడు కాలు పట్టుకుంటుంది.

సెమికోలన్ పెట్టాను.
సరిచూడమంటే ఏమీ అనలేదు.
యూనిక్స్‌లో మెప్పు అంటే అంతే, మాట్లాడకపోవడం.
స్టార్ట్.
ఫెయిల్డ్.

తంగవేలు మెట్లెక్కి వచ్చాడు, మెడలో తువ్వాలు.
"ఎవ్వళవు నేరమ్మా?"
ఎంతసేపు అని అతని భాషలో.
ఎంత నేరం అని నా చెవిలో.
జవాబు రెండింటికీ లేదు.
నవ్వి, చీటీ లేకుండానే బండి తీశాడు.
ఇరవయ్యేళ్లుగా కొరట్టూరు అతని నాలుక మీదుంది:
పచ్చ గేటు రెండు, కుక్కున్న ఇల్లు ఒకటి,
టైలరు మేడ మీద అరలీటరు, శనివారం వద్దు.
జార్ఖండ్ కుర్రాడు సోమ్రా మాత్రం
స్టీరింగు పట్టుకుని నా కిటికీ వైపే చూస్తున్నాడు.
వచ్చి పది రోజులు.
కాగితం లేకపోతే వాడికి చెన్నై లేదు.

మళ్లీ లాగ్. ఈసారి కింది దాకా.
అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్.

యాభై మూడో పోర్టులో ఎవరో ఉన్నారు.
మా గుమ్మంలో, మాకంటే ముందే,
లుంగీ పైకి కట్టుకుని అరుగెక్కినట్టు
చిన్న ప్రోగ్రామొకటి.
అడిగినవాళ్లందరికీ తెలీదని చెబుతోంది, మర్యాదగా.
దాన్ని లేపిందెవరని వెతికితే
రూట్ క్రాన్‌లో ఒక లైను: మెషీను లేవగానే నడపాలి.
పక్కన ఇంగ్లీషులో చిన్న మాట:
తాత్కాలికం. రేపు తీసేయాలి. ఇళంగో.

ఇళంగో మానేసి రెండేళ్లు.
తిరుచ్చిలో జిరాక్స్ షాపు పెట్టాడట.
ఈ రెండేళ్లలో మెషీను ఒక్కసారీ ఆగలేదు,
అందుకే ఆ రేపు ఇవాళ్టిదాకా రాలేదు.

తిట్టాలనిపించింది.
మార్చి పన్నెండు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ప్రోగ్రామును చంపాను.
లైను చెరపలేదు, ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టాను.
కింద రాశాను: ఎందుకు ఆపానో, ఏ రాత్రో,
జలజాక్షి అని పూర్తిగా.
ఈ బిల్డింగులో అందరికీ నేను ఆంధ్రా మేడమ్‌ని.
ఈ ఫైలుకైనా నా పేరు తెలియాలి.

స్టార్ట్.
ఏమీ అనలేదు.

గోడ అవతల ప్రింటరు గొంతు సవరించుకుంది.
మూడూ ఇరవై ఆరు.
సోమ్రా చీటీని రెండు చేతులతో తీసుకున్నాడు.

తంగవేలుది ట్రేలో మిగిలిపోయింది.
డోర్ నంబర్లే ఉన్నాయి, కుక్క లేదు.
వెనక్కి తిప్పి రాసుకున్నాను:
సెమికోలన్. క్రాన్.
మూడోది కాస్త ఆలోచించి:
ఆదివారం మధ్యాహ్నం, ఎవరికీ తొందర లేనప్పుడు,
మనమే దీన్ని ఒకసారి ఆపి చూడాలి.