ఏ రోజు గార ఆ రోజుకే

తెల్లారకముందే పరంజా ఎక్కుతాను.
రెండేళ్లు గుంటలో నానిన సున్నం,
ఆర్నో ఒడ్డు ఇసుక, మూడుసార్లు జల్లించింది.
సాయంత్రందాకా కుంచె నడిచేంత జాగాకే గార పూస్తాను:
ఒక తల, లేదా ఒక భుజమూ కొంచెం కొండా.
ఆశపడి ఎక్కువ పూస్తే ఆరిపోతుంది,
ఆరిన గోడ రంగు తాగదు.
మాస్త్రో తాద్దెయో నిద్ర లేవడం ఆలస్యం.
గోడకి ఆ సంగతి పట్టదు.

చర్చిలో ఎడమపక్క మూడో గది ఇది,
గెరార్దో గారి సమాధికి.
ఉన్ని వ్యాపారమని పైకి అనేవారు,
ఈ గది కట్టించింది మాత్రం వడ్డీ.

ఆయన భార్య మోన్నా ద్రుసియానా
కరారులో ప్రతిదీ రాయించింది.
మేరీమాత పైవస్త్రానికి లాజవర్దం,
ఔన్సు నాలుగు ఫ్లోరిన్లది, అంతకు దిగితే ఒప్పుకోదు.
దేవదూతల రెక్కలకి బంగారు రేకు.
కింద, కుడి మూల, మా ఆయన
టోపీ తీసి, మోకాళ్ల మీద.

ముఖం మైనపు అచ్చు చూసి దించాడు మాస్త్రో.
చేతులకి అచ్చు తీయలేదెవరూ.
"నెంచో, ఇటు తిరిగి మోకరిల్లు."
సున్నం బాల్చీకీ రంగు చిప్పలకీ మధ్య
పలక మీద మోకరిల్లాను.
పొద్దున నేను పూసిన గారలోకే
మధ్యాహ్నానికి నా చేతులు దిగాయి:
పగుళ్లతో సహా,
ప్రాతోలో గిలక తాడు నలిపిన చిటికెన వేలితో సహా.

గురువారం ఆమె దీపం పట్టుకుని వచ్చింది.
"ముక్కు సరే" అంది.
తర్వాత చేతుల దగ్గర ఆగిపోయింది.
నేను నావి వెనక్కి పెట్టుకున్నాను.

"చెక్కేసి మళ్లీ వేస్తానమ్మా, ఒక్క రోజు పని" అన్నాడు మాస్త్రో.

"ఆయన వేళ్లు మెత్తగా ఉండేవి.
కళ్లు మూసుకుని నాణెం అంచు తడిమి
ఎవరు ఎంత గీకారో చెప్పేవారు."
దీపం కొంచెం దించింది.
"ఉండనీ. అక్కడికి వీటితోనే వెళ్లనీ."

వెళ్తూ వెళ్తూ నా కూలి ఎంతని అడిగింది.
చెప్పాను. రాసుకోలేదు.

ఆ నీలం ఉంది చూశారూ, అది గారలోకి దిగదు.
గోడ ఆరాక జిగురుతో అంటించాలి.
అన్నిటికన్నా ఖరీదైంది
అన్నిటికన్నా ముందు రాలుతుంది.
ఆమెకి మాస్త్రో చెప్పలేదు.
నేనెందుకు చెబుతాను?

చేతుల చుట్టూ ఆ రోజు గార అతుకు
కంటికి ఆనదు, వేలికి తగులుతుంది.
నునుపు చెయ్యమన్నాడు మాస్త్రో.
చేశాను, కొంత.